ఒక్క తాళం – పెక్కు ప్రాసెసర్లు

కంప్యూటరును మేల్కొలిపిన క్షణం మొదలుకొని దాని సమస్త కార్యకలాపాలను నడిపించే ప్రోగ్రాముల సముదాయమే ఆపరేటింగ్ సిస్టమ్. అందులో గుండెకాయ వంటి భాగాన్ని ‘కెర్నెల్’ అంటారు. ఏ ప్రోగ్రాముకు ప్రాసెసరును ఎంతసేపు అప్పగించాలి, ఎవరికి ఎంత జ్ఞాపకస్థలం కేటాయించాలి, డిస్కు మీద ఏ సమాచారాన్ని ఎక్కడ భద్రపరచాలి అనే నిర్ణయాలన్నీ కెర్నెల్ చేతిలోనే ఉంటాయి. ప్రాసెసరు ఒక్కటే ఉన్నంతకాలం ఈ పాలన కొంత సులభంగానే సాగింది. రెండవ ప్రాసెసరు వచ్చి చేరడంతో అసలైన చిక్కు ఆరంభమైంది.

ఒకే ప్రాసెసరు గల యంత్రం ఏకకాలంలో అనేక పనులు చేస్తున్నట్లు కనిపించినా, నిజానికి అది ఒక్కొక్క పనిని కొద్దికొద్దిసేపు మార్చి మార్చి చేస్తుంది. నాటి కెర్నెళ్లలో చాలావాటి నియమం ప్రకారం, కెర్నెల్ ఒక ప్రోగ్రాము కోసం పని చేస్తూ ఉండగా, అది తానై విరామం తీసుకుంటే తప్ప, మరొక ప్రోగ్రాముకు అవకాశం రాదు. పరికరాల నుంచి వచ్చే అంతరాయ సంకేతాలను కీలక సమయంలో కాసేపు నిలిపి ఉంచితే చాలు, పట్టికలన్నీ భద్రంగా ఉండేవి. రెండు ప్రాసెసర్లు ఒకే జ్ఞాపకస్థలాన్ని పంచుకున్నప్పుడు ఈ జాగ్రత్త చాలదు.

ఒక ఉదాహరణ చూద్దాం. కెర్నెల్ పట్టికలో ఒక లెక్క 10 అని ఉన్నదనుకొందాం. మొదటి ప్రాసెసరు దానిని చదివి ఒకటి కలపబోతున్నది. అది 11 అని తిరిగి రాసేలోగా రెండవ ప్రాసెసరు కూడా అదే 10ని చదివింది. ఇద్దరూ తలా ఒకటి కలిపి 11 అనే రాశారు. రావలసినది 12, ఉన్నది 11. ఒక కలయిక ఆనవాలు లేకుండా పోయింది. ఖాళీ జ్ఞాపకస్థలాన్ని పంచేటప్పుడు ఇదే పొరపాటు జరిగితే, రైలులో ఒకే బెర్తును ఇద్దరు ప్రయాణికులకు ఇచ్చినట్లు, ఒకే స్థలం రెండు ప్రోగ్రాములకు దక్కుతుంది. ఒకరి సమాచారాన్ని మరొకరు చెరిపివేస్తారు. ఇటువంటి దోషం వేయిసార్లలో ఒకసారి మాత్రమే బయటపడవచ్చు. అందువల్లనే దానిని పట్టుకోవడం మిక్కిలి కష్టం.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. అందుచేత ఉమ్మడి సమాచారాన్ని తాకేటప్పుడు ఒక్కరే లోపల ఉండేలా చూడాలి. ఈ పరస్పర నిరోధ సమస్యను డచ్చి శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965లో ఒక చిన్న వ్యాసంలో స్పష్టంగా ప్రతిపాదించి పరిష్కారం చూపాడు. తరువాతి కాలపు యంత్రాలలో, చదవడాన్ని, రాయడాన్ని మధ్యలో ఎవరూ చొరబడలేని ఒకే అడుగుగా చేసే ప్రత్యేక ఆదేశాలు అమరాయి. వాటి ఆధారంతో ‘తాళం’ అనే ఏర్పాటు రూపొందింది. తాళం వేసిన ప్రాసెసరు పని ముగించి తీసేవరకు, మిగిలినవి వేచి ఉంటాయి.

ఈ తాళాల చరిత్రకు లినక్స్ కెర్నెల్ చక్కని నిదర్శనం. దీనిని 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించాడు. అది ఒకే ప్రాసెసరును దృష్టిలో ఉంచుకొని పుట్టినది. 1996 జూన్‌లో వెలువడిన 2.0 సంచికలో బహుళ ప్రాసెసర్లకు ఆదరవు లభించింది. ఆ తొలి కృషిలో అలన్ కాక్స్ పాత్ర ముఖ్యమైనది. వారు అనుసరించిన ఉపాయం సరళం: కెర్నెల్ అంతటికీ కలిపి ఒకే ఒక పెద్ద తాళం. ఏ ప్రాసెసరైనా కెర్నెల్‌లోకి ప్రవేశించాలంటే ఆ తాళం దక్కించుకోవాలి. సాధారణ ప్రోగ్రాములు మాత్రం వేర్వేరు ప్రాసెసర్ల మీద సమాంతరంగా నడవవచ్చు. పాత ప్రోగ్రామును పెద్దగా మార్చకుండానే భద్రత సమకూరింది.

అయితే ఈ సౌలభ్యానికి మూల్యం ఉన్నది. ఇంటినిండా గదులున్నా గుమ్మం ఒక్కటే అయితే ఎందరు మనుషులున్నా ఒక్కొక్కరే లోపలికి వెళ్లాలి. 1967లో జీన్ ఆమ్‌డాల్ వాదించిన విషయానికి ఇది సన్నిహితం. మొత్తం పనిలో పదోవంతు తప్పనిసరిగా ఒకరి తరువాత ఒకరు చేయవలసినదైతే, 16 ప్రాసెసర్లు పెట్టినా వేగం 6.4 రెట్లకు మించదు. ఎన్ని వేల ప్రాసెసర్లు చేర్చినా పది రెట్లను దాటదు. యంత్రాలకు వెచ్చించిన ధనమంతా నిరీక్షణలోనే హరించుకుపోతుంది.

అందువల్ల పెద్ద తాళాన్ని చిన్న తాళాలుగా విడగొట్టే పని మొదలైంది. 1999లో వచ్చిన 2.2, 2001లో వచ్చిన 2.4 సంచికలలో అనేక విభాగాలు తమ సొంత తాళాలను సంతరించుకొన్నాయి. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 సంచికలో ప్రతి ప్రాసెసరుకూ పనుల వరుస వేరుగా ఏర్పడింది. తరచుగా చదివి అరుదుగా మార్చే సమాచారానికి ‘ఆర్‌సీయూ’ అనే పద్ధతి 2002లో కెర్నెల్‌లో చేరింది. ఇందులో చదివేవారు తాళం కోసం ఆగనక్కరలేదు. మార్చేవాడు ఒక ప్రతిని తయారుచేసి, దానిని సవరించి, పాతదాని స్థానంలో నిలుపుతాడు. పాత ప్రతిని చదువుతున్నవారందరూ ముగించిన పిమ్మటే దానిని తొలగిస్తాడు.

తాళాలు పెరిగితే కొత్త ప్రమాదం పొంచి ఉంటుంది. ఒక ప్రాసెసరు మొదటి తాళం పట్టుకొని రెండవదాని కోసం, మరొకటి రెండవది పట్టుకొని మొదటిదాని కోసం ఎదురుచూస్తే ఇద్దరికీ విముక్తి లేదు. దీనినే ‘డెడ్‌లాక్’ అంటారు. తాళాలను అందరూ ఒకే క్రమంలో తీసుకోవాలనే నియమమే దీనికి విరుగుడు. ఆ నియమం తప్పిన చోట్లను పసిగట్టి హెచ్చరించే సాధనం 2006లో లినక్స్‌లో చేరింది.

ఇంత జరిగినా పెద్ద తాళం పూర్తిగా తొలగిపోలేదు. అది ఏ సమాచారాన్ని కాపాడుతున్నదో చాలాచోట్ల ఎవరూ రాసిపెట్టలేదు. పైగా దాని స్వభావం విలక్షణమైనది: పట్టుకొన్నవాడే దానిని మళ్లీ పట్టుకోవచ్చు, అతడు నిద్రకు ఉపక్రమిస్తే అది దానంతటదే విడిపోతుంది. తీసివేస్తే ఎక్కడ ఏ గోడ కూలుతుందో తెలియదు. 2008 నుంచి పట్టుదలతో ఒక్కొక్క భాగాన్ని పరిశీలిస్తూ వచ్చారు. ఆర్ండ్ బెర్గ్‌మన్ చివరి అవశేషాలను తొలగించగా, 2011 మే నెలలో వెలువడిన 2.6.39 సంచికతో పెద్ద తాళం అంతరించింది. కొద్ది వాక్యాలతో ప్రవేశపెట్టిన దానిని వదిలించుకోవడానికి పదిహేనేళ్లు పట్టింది.

ఈ శ్రమ వృథా కాలేదు. వేడిమి కారణంగా ఒక్క ప్రాసెసరు వేగాన్ని ఇంకా పెంచడం కష్టమై, 2005 నాటికి సామాన్యుల కంప్యూటర్లలోనూ ఒకే చిప్పులో రెండు ప్రాసెసర్లు ప్రవేశించాయి. నేడు జేబులో ఇమిడే ఆండ్రాయిడ్ ఫోనులో సైతం లినక్స్ కెర్నెలే పనిచేస్తున్నది. చాలా ఫోన్లలో ఎనిమిది కోర్లు ఉంటున్నాయి. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అగ్రశ్రేణి 500 సూపర్ కంప్యూటర్ల జాబితా అంతా లినక్స్‌దే.

పెద్ద తాళం వేసినవారు అవివేకులు కారు. నాటి అవసరానికి అది తగిన మార్గమే. అయితే ఎందుకు వేశామో, దేనిని కాపాడుతున్నామో రాసిపెట్టకపోవడమే తరువాతివారికి భారమైంది. చేసిన పనితోపాటు దాని కారణాన్ని కూడా భద్రపరచడం ఏ శాస్త్రంలోనైనా భావితరానికి చేసే మేలు.

ప్రశ్నలు

1. రెండు ప్రాసెసర్లు ఒకే లెక్కను మార్చినప్పుడు కలిగే దోషాన్ని వివరించండి.
2. పెద్ద తాళం వల్ల కలిగిన లాభనష్టాలను చర్చించండి.
3. ‘డెడ్‌లాక్’ అంటే ఏమిటి? దాని విరుగుడును తెలపండి.
4. పెద్ద తాళాన్ని తొలగించడం ఎందుకు కష్టమైంది?