మ్రింగని మాత్ర

మన మండవల్లి స్టేషనులో బండి నెక్కి కైకలూరు, ఆకివీడు, ఉండి దాటినచో భీమవరము వచ్చును. 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన ఆ యూర యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. వారు చెన్నపట్టణమున వైద్యవిద్య నభ్యసించి, అమెరికా కేగి, కొంతకాలమునకు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకులైరి. వారి యాధ్వర్యమున వెలువడిన మందులలో నొకటి డైఇథైల్ కార్బమజీన్. దీనినే డి.ఇ.సి. అందురు. 1947లో ప్యూర్టోరికో ద్వీపమున రోగులకు దీని నిచ్చి చూడగా, రక్తములోని బోదపురుగు పిల్లలు నశించుట కనబడెను. మరుసటి యేడే సుబ్బారావుగారు దివంగతులైరి.

బోదకాలు మన డెల్టా సీమవారి కెరుగని వ్యాధి కాదు. మురుగునీట పెరుగు క్యూలెక్స్ దోమ దీనిని మోసికొని పోవును. పెద్దపురుగులు మన శరీరమందలి శోషరస నాళములలో నేండ్ల తరబడి బ్రదికి, లక్షలకొలది పిల్లలను కనును. ఆ పిల్లలు రాత్రివేళ రక్తములో సంచరించును. అందుచేతనే ఈ వ్యాధికి రాత్రిపూట రక్తము తీసి పరీక్షింతురు. కాలు వాచక మునుపే, ఏ బాధయు లేని మనుష్యుని రక్తమందును ఈ పురుగు లుండవచ్చును. దోమ వానిని కుట్టి, తరువాత వాని బిడ్డనే కుట్టవచ్చును.

మందు దొరికినది గదా, వ్యాధి యేల పోలేదు? ఈ ప్రశ్నయే నేటి పాఠము. 1955లో మన దేశమున బోదవ్యాధి నివారణ కార్యక్రమ మారంభమయ్యెను. అప్పుడు రాత్రి రక్తము పరీక్షించి, పురుగులున్నవారికి 12 దినములు మందిచ్చుచుండిరి. ఇంటింట ఇట్లు చేయుట దుర్లభము. పిమ్మట జరిగిన పరిశోధనలవలన, సంవత్సరమున కొక్క మోతాదైనను రక్తములోని పిల్లపురుగులను చాలవరకు తగ్గించునని తేలెను. కావున 2004 మొదలు, వ్యాధిగల జిల్లాలలో ఏటేట అందరికిని మాత్రలిచ్చు పద్ధతి దేశమంతట నవలంబింపబడెను. ముదురుపురుగు లన్నియు ఈ మందునకు చావవు గనుక, అవి ముదిసి చచ్చువరకు ఐదారేండ్లు విడువక మ్రింగవలెను. మొత్తము జనులలో నూటికి 65 మందియైనను మ్రింగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు నిర్ణయించిరి.

ఇచట మీ రొక లెక్క చేయుడు. నూరుగురు గల వీధిలో 90 మందికి మాత్రలు పంచిరి. 50 మందియే మ్రింగిరి. పుస్తకములో 90 అని వ్రాయబడును. దోమకు మాత్రము ఆ పుస్తకముతో పనిలేదు. మ్రింగని 50 మంది రక్తమే దానికి లెక్క.

ఆ మ్రింగనివారిలో నే నొకడనై యుంటిని. ఉపాధ్యాయ శిక్షణ ముగించి వచ్చిన దినములలో, బోదవ్యాధి పాఠమును తరగతిలో చక్కగా చెప్పి, ఇంటి కిచ్చిన మూడు మాత్రలను మేజా సొరుగులో పడవేసితిని. “నాకు జబ్బు లేదు గదా” అనుకొంటిని. మా మేనత్తకు బోదకాలు. ఆమె సొరుగు తెరచి మాత్రలు చూచి, “నాయనా, ఈ కాలు వచ్చినదాక నాకును జబ్బు లేదు” అనెను. ఆ రాత్రి భోజనానంతరము వానిని మ్రింగితిని. తలనొప్పియు, కొంచెము జ్వరమును వచ్చినవి. రక్తములో పురుగులు చచ్చునప్పుడే సాధారణముగా నట్లగునని వైద్యులు చెప్పగా, పాఠము చెప్పిన నా రక్తములోనే పురుగు లుండియుండునని తెలిసి సిగ్గుపడితిని.

రెండేండ్లు నిండని శిశువులకును, గర్భిణులకును, తీవ్రవ్యాధితో నున్నవారికిని ఈ మాత్ర లీయరాదు. తక్కినవారు భోజనము చేసి, ఆరోగ్య కార్యకర్త యెదుటనే, వయస్సునకు తగినన్ని మ్రింగవలెను.

కాలు వాచినవారి మాట యేమి? మాత్రవలన పాతవాపు మాయము కాదు. అయితే దినదినము సబ్బుతోను మంచినీటితోను కాలు కడిగి, వ్రేళ్ల సందులు తడిలేకుండ తుడిచి, కూర్చున్నపుడు కాలు ఎత్తుగా నుంచినయెడల, మాటిమాటికి వచ్చు జ్వరపుపోట్లు చాలవరకు తగ్గునని పరిశోధనలు స్థిరపరచినవి. మా మేనత్త తుదిదాక ఇట్లు చేసి సుఖపడెను. చెంబెడు నీరు, సబ్బుబిళ్ల, పొడిగుడ్డ: వీనికి మించిన ఖర్చు లేదు.

ప్రయోగశాలలో పుట్టిన జ్ఞానము గడప దాటి, అరచేతికి వచ్చి, గొంతు దిగినప్పుడే సఫలమగును. భీమవరమున పుట్టినవారి మందు అమెరికానుండి మన గడపకు రాగలిగినది. ఆ తుది జానెడు దూరము మనదే.

అభ్యాసము:

1. కాలు వాపు లేనివారు సయితము మాత్ర యేల మ్రింగవలెను?

2. మీ యింటి చుట్టు మురుగునీరు నిలుచు చోట్లను గుర్తించి పటము వ్రాయుడు.

3. పై లెక్కలోని వీధిలో 65 మంది కావలెనన్న, ఇంకను ఎందరు మ్రింగవలెను? వారి నెట్లొప్పింతురు?