అడవిపందుల వేటయు, జట్టుకాపలాయు
(మద్నూరు ప్రాంతపు కాపులకు)

మద్నూరు, బిచ్కుంద, జుక్కల్ ప్రాంతములయందలి నల్లరేగడి చేలలో వానకాలమున సోయా, పెసర, మినుము, కంది పంటలును, యాసంగిలో శనగ, జొన్నలును పండుచున్నవి. తెగులువలన కలుగు నష్టము కొన్ని దినములకు గాని తెలియదు. అడవిపందుల మంద చొచ్చిన చేను మాత్రము ఒక్క రాత్రిలోనే పాడగును. పంది తినునది కొంత, త్రొక్కి పెళ్లగించునది అంతకు మించి. అందుచేత ఊరి పడుచువారు నలుగురైదుగురు స్నేహితులు కూడి, కుక్కలను తీసికొని, ఈటెలతోను ఉచ్చులతోను వేటకు బయలుదేరుట కలదు. వారి కోపము న్యాయమైనదే. అయితే ఆ వేటవలన చేను దక్కునా యనునదే యిచ్చట విచారింపవలసిన సంగతి.

మొదట పంది నడవడి నెఱుగవలెను. ఆడపందులు పిల్లలతో గూడి మందగా తిరుగును. పెద్ద మగపంది చాలమట్టుకు ఒంటరిగా నుండును. పగలు వాగుల యొడ్డున, సర్కారుతుమ్మ పొదలలో, చెఱకుతోటలలో పండుకొని, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట మేతకు వచ్చును. దీని చూపు మందము. ముక్కు మిక్కిలి చుఱుకు. మట్టిలోని గింజను, దుంపను, వానపామును వాసనచేతనే కనుగొని మూతితో త్రవ్వి తీయును. కావుననే విత్తిన కొలది దినములలోను, గింజ పాలుపట్టు కాలమునను దీని రాక యధికము. ఆడపంది ఇంచుమించు 4 నెలలు చూలు మోసి, ఒక్క యీతకు 4 మొదలు 6 వఱకు, ఒక్కొక్కప్పుడు అంతకెక్కువగను పిల్లలను పెట్టును.

ఈ లెక్కను వేటగాండ్రు మఱచెదరు. పూర్వము ఇంగ్లీషు దొరలు గుఱ్ఱములెక్కి ఈటెలతో పందులను తరుముటను గొప్ప వినోదముగా నెంచెడివారు. మీరట్ సమీపమున కాదిర్ కప్పు అను పందెము జరుగుచుండెడిది. 1883లో దానిని గెలిచిన బేడెన్ పవెల్ ఆ వేటనుగూర్చి 1889లో ఒక గ్రంథమే ప్రకటించెను. వారి ముఖ్యనియమ మేమనగా, ఆడపందిని పొడువరాదు. అది మిగిలినగాని మఱుసటియేటికి వేట దొరకదు. మన యూరి వేటయు, ఎవరును కోరకున్నను, తఱచుగా ఆ దారినే పోవుచున్నది. కుక్కలకు ఎదురు నిలిచిన మగపంది చచ్చును. మంద చెదరి ప్రక్కవాని చేనిలో దూరును. రెండు మూడు రాత్రులకు తిరిగి వచ్చును. పందులు తఱుగకుండుటకై యేర్పడిన పద్ధతివంటి దానితో పందులను తగ్గింపజూచుట వింతయే గదా!

గాయపడిన పంది పారిపోక మీదికి వచ్చును. దాని కోఱ క్రిందినుండి మీదికి చీల్చును. తొడలోని పెద్ద రక్తనాళము తెగినచో ఆసుపత్రికి చేరులోగానే ప్రాణము పోవచ్చును. చీకటిలో స్నేహితుని యలికిడిని పంది యలికిడిగా భ్రమించుటయు సులభమే.

అన్నిటికంటె ఘోరమైనది కరెంటు తీగ. చేని చుట్టు ఇనుపతీగ చుట్టి 230 వోల్టుల కరెంటు తగిలించినచో, దానిని తాకినవాని కండరములు బిగిసి చేయి తీగను విడువదు. గుండె లయ తప్పి ఆగిపోవును. తీగ కట్టినవాడు అది దొంగపని గనుక పొరుగువానికి చెప్పడు. తెల్లవారుజామున మోటారు వేయవచ్చిన అన్నయో, గడ్డికి వచ్చిన యాడుదియో, త్రోవ తప్పిన యెద్దో దానికి బలియగుచున్నారు. తెలంగాణ జిల్లాలలో ఇట్టి మరణముల వార్తలు ఏటేట వచ్చుచునే యున్నవి. పందికై కట్టిన తీగ పందిని ఎంచుకొనదు.

ఇక చట్టము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే అడవిపంది రక్షింపబడినది; 2022 సవరణతో, 2023 ఏప్రిల్ 1 నుండి, రెండవ షెడ్యూలులో చేరినది. నిలువుపంటకు అపాయకరమైన పందిని చంపుటకు 11వ సెక్షను క్రింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, అధికారము పొందిన ఉద్యోగి గాని, కారణములు చూపి వ్రాతమూలకముగా అనుమతి యీయవచ్చును. నోటిమాట అనుమతి కాదు. ఆత్మరక్షణకై చంపుట నేరము గాదు. కాని చట్టవిరుద్ధముగ వేటాడుచుండగా పంది మీదబడినదని చెప్పుకొన్నవానికి ఆ రక్షణ లేదు. చచ్చిన పంది సర్కారు సొత్తు. మాంసము పంచుకొనుట వేఱొక నేరము. మద్నూరు మహారాష్ట్ర సరిహద్దున నున్నది. మంద దెగ్లూరు వైపు పరుగెత్తినను ఈ చట్టమే అచ్చటను వర్తించును. ఇచ్చటి అనుమతి మాత్రము హద్దు దాటదు. పంట పోయినవారు ఆనవాళ్లు చెరిగిపోకముందే అటవీశాఖకు తెలిపి, పరిహారమునకు అర్జీ పెట్టుకొనవలెను.

వేటకు కూడిన ఆ నలుగురు స్నేహితులే కాపలాకు కూడినచో ఫలము వేఱుగా నుండును. ఒక్కనికి ప్రతి రాత్రి మేలుకొనుట అసాధ్యము. పదిమంది వంతులు వేసికొన్న మంచెమీద ఇద్దఱేసి చాలుదురు. డప్పు, దీపము ఒకేచోట నుంచక మార్చుచుండవలెను. మారని చప్పుడునకు పంది త్వరలోనే అలవాటుపడును. పగటివేళ అందఱును కలిసి గట్లమీది పొదలు కొట్టినచో దానికి చేని చెంత పడక యుండదు. మొక్కజొన్న చుట్టు 4 సాళ్లు ఆముదము, వేరుశనగ చుట్టు 4 సాళ్లు కుసుమ దగ్గఱదగ్గఱగా విత్తుట శాస్త్రజ్ఞులు సూచించిన యుపాయము. మన యాసంగి శనగ చుట్టును కుసుమ చక్కగా కుదురును. ముండ్లులేని రకమును విత్తినచో పని జరుగదు.

కొనగలవారు కలిసి సౌరకంచె వేసికొనవచ్చును. అందు కరెంటు ఎడతెగక పాఱదు. క్షణకాలపు దెబ్బగా వచ్చి ఆగును గనుక పంది బెదరి తొలగునే గాని చావదు, మనిషియు తీగను విడువగలడు. క్రింది తీగ పంది మూతి యెత్తున నుండవలెను. గడ్డి తీగకు తగిలినచో బలమంతయు నేలలోనికి పోవును. ఉమ్మడి గట్టుమీద ఆ గడ్డిని ఎవరు, ఏ వారమున కోయవలెనో కంచె వేయకముందే నిర్ణయించుకొనుడు.