పీఎఫ్ ముట్టుకోకు బుజ్జీ

గుంటూరు

బుజ్జీ,

మొన్న ఫోన్లో నువ్వు రెండు మాటలన్నావు. ఈ కంపెనీ మానేసి కొత్తదాంట్లో చేరేలోపు పీఎఫ్ మొత్తం తీసేసి శంకరపల్లి దగ్గర ప్లాటుకి అడ్వాన్సు కడతానన్నావు. అమ్మ గురించీ నాన్న గురించీ మాట్లాడుకున్నాక, చివర్లో, మా పన్నులన్నీ పింఛన్లకే పోతున్నాయి పెద్దమ్మా అన్నావు. నేను జవాబు చెప్పేలోపే మీటింగుందని పెట్టేశావు. ఆ రెండు మాటలూ నాకు ఒకే మాటలా వినిపించాయి. ముసలితనం వేరే ఎవరికో వచ్చేది, మనకి సంబంధం లేనిది అన్నట్టు. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు.

నువ్వొక్కదానివే అలా అనుకోవడం లేదులే. మిల్లు ఆఫీసులో పీఎఫ్ కాగితాలు చూసినన్నాళ్లూ అదే విన్నాను. "అప్పటిదాకా ఉంటామో ఊడతామో ఎవరికి తెలుసు?" "మగపిల్లాడున్నాడు, వాడే నా పెన్షను." "చేతిలో పడ్డదే మనది." ముప్ఫై ఏళ్ల వయసులో ఉన్నవాళ్లు నవ్వుతూ అనేవాళ్లు. యాభై దాటినవాళ్లు అదే మాట నవ్వకుండా అనేవాళ్లు. యాభై ఎనిమిది నిండాక నా బల్ల ముందు నిలబడినవాళ్లు మాత్రం ఒకటే అడిగేవాళ్లు: "నెలకి ఎంతొస్తుందమ్మా?"

వైండింగ్ సెక్షన్లో పనిచేసినావిడ గురించి చెప్తాను. పెళ్లయి మా ఊరొచ్చిన కొత్తలో మిల్లులో చేరింది. రాత్రి షిఫ్టులు కూడా చేసింది. జుట్టులో, కనుబొమల మీద దూది పీచు అంటుకునే ఇంటికి పోయేది. ఆవిణ్ణి ఎప్పుడూ మిల్లు రోల్స్‌లో పెట్టలేదు, కాంట్రాక్టరు కిందే ఉంచారు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పాత పీఎఫ్ నంబరు పోయి కొత్త నంబరు వచ్చేది. పాతది ట్రాన్స్‌ఫర్ చేయించాలని చెప్పినవాడు లేడు. "సెటిల్‌మెంట్ పెట్టుకో, డబ్బొస్తుంది" అని మాత్రం అందరూ చెప్పేవాళ్లు. ఫారం 19, ఫారం 10సి రెండూ కలిపి సంతకం చేయించుకునేవాళ్లు. మొదటిసారి ఆ డబ్బు పెద్దకూతురి ఓణీల ఫంక్షనుకి పోయింది. తర్వాతిది మొగుడి ఆపరేషనుకి. ఇంకోసారి ఇంటి పైకప్పుకి. వీటిలో ఏదీ దుబారా కాదు, గుర్తుపెట్టుకో. చివరికి పెన్షను కాగితం కోసం వచ్చిన రోజు చూస్తే, ఆఖరి కాంట్రాక్టరు కింద ఉన్న ఆరేళ్ల సర్వీసే లెక్కలో ఉంది. నెలనెలా పెన్షను రావాలంటే పదేళ్లు ఉండాలి. ఇరవై ఏళ్లకు పైగా చాకిరీ చేసిన మనిషికి ఒకేసారి చేతిలో పెట్టే చిన్న మొత్తం తప్ప ఇంకేమీ రాలేదు. తప్పు ఆవిడది కానే కాదు. సర్వీసు నిలవకుండా నంబర్లు మార్చినవాళ్లది, చూస్తూ ఊరుకున్న యాజమాన్యానిది.

ఇప్పుడు యూఏఎన్ అని అందరికీ ఒకటే నంబరుంది. ఆవిడకి లేని వీలు నీకుంది. అయినా నువ్వు కావాలని అదే పని చేయబోతున్నావు.

నీ పే స్లిప్పు తీసి చూడు. నీ బేసిక్‌లో 12 శాతం కోస్తారు. కంపెనీ కూడా అంతే వేస్తుంది గానీ, దాని వాటాలోంచి జీతంలో 8.33 శాతం పెన్షను పథకానికి పోతుంది. అది కూడా 15,000 జీతం మీదే లెక్క కాబట్టి నెలకి 1,250కి మించదు. మిగతాదంతా పీఎఫ్‌లో పడుతుంది. ఈ పెన్షను పథకం 1995 నవంబరులో వచ్చింది. 58 ఏళ్లు నిండాక ఎంత వస్తుందో చెప్పే లెక్క తేలికే. చివరి అయిదేళ్ల సగటు జీతాన్ని, అదీ 15,000 దాటకుండా, సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. ఇరవై ఏళ్లు నిండితే రెండేళ్లు కలుపుతారు. నువ్వు పిల్లాడి కోసం మధ్యలో కొన్నాళ్లు మానేసినా ముప్ఫై ఏళ్లు చేశావనుకో. 15,000ని 32తో గుణించి 70తో భాగిస్తే నెలకి 6,857 రూపాయలు. ఇంతేనా అంటావు. నిజమే, చాలదు. పైగా ధరలు పెరిగినా అది పెరగదు, కరువు భత్యం లేదు. కానీ బతికున్నంతకాలం వస్తుంది. నీ తర్వాత మీ ఆయనకి సగం వస్తుంది.

అసలు ప్రమాదం ఇంకోటుంది, అది నీకెవరూ చెప్పి ఉండరు. నీ మొదటి ఉద్యోగంలో బేసిక్ 12,000 కాబట్టి పెన్షను పథకంలోకి వచ్చావు. ఇప్పుడు 10సి పెట్టి అది కూడా తీసేసుకుంటే నీ సభ్యత్వం పోతుంది. 15,000 దాటిన జీతంతో కొత్తగా చేరేవాళ్లకి 2014 సెప్టెంబరు నుంచి అందులో చోటు లేదు. నీ కొత్త జీతం ఎంతో నాకు చెప్పావుగా. అంటే ఇప్పుడు బయటికొచ్చావంటే మళ్లీ లోపలికి దారి లేదు. నీ సర్వీసు ఇప్పటికి తొమ్మిదేళ్లు. పదో ఏడు నిండబోయే ముందు తెంపేసుకుంటావా?

ఇక పీఎఫ్ డబ్బు సంగతి. పోయిన రెండు మూడేళ్లుగా ఇస్తున్న వడ్డీ 8.25 శాతం. ఆ వడ్డీ అలాగే సాగితే, ఇవాళ కదపకుండా ఉంచిన ఒక లక్ష ఇరవై ఏడేళ్లకి ఎనిమిదిన్నర లక్షలవుతుంది. అప్పటి ఎనిమిదిన్నర లక్షలకి ఇవాళ్టి విలువ ఉండదు, ఒప్పుకుంటాను. ప్లాటు ధర కూడా పెరగొచ్చు. కానీ అరవై అయిదేళ్లప్పుడు నెలకి మూడు వేల మందులు కావాలంటే ప్లాటులో ఒక మూల అమ్మి తెచ్చుకోలేవు. అద్దె రాదు. అమ్మకానికి పెట్టాలంటే కొనేవాడు పిల్లాడి సంతకం కూడా కావాలంటాడు. వాడు వద్దంటే అక్కడే ఆగిపోతుంది. మన బంధువుల్లో కోటి విలువ చేసే స్థలం పెట్టుకుని కరెంటు బిల్లుకి కొడుకు ముఖం చూసే పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నారో నీకూ తెలుసు. ప్లాటు కొనొద్దని అనను, జీతంలోంచి కొనుక్కో.

"పిల్లలే చూసుకుంటారు" అన్న మాటా నమ్ముకోకు. నీకు ఒక్క పిల్లాడే. పిల్లలు చెడ్డవాళ్లవుతారని నేననడం లేదు. కేంద్రం చేసిన ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో ఒక్కో తల్లికి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. రేపు నీ కొడుకు, కోడలు కలిసి నలుగురు పెద్దవాళ్లని మోయాలి. వాడికీ ఇంటి లోను, పిల్లాడి ఫీజులు ఉంటాయి. వాడి మనసు మంచిదైనా జేబు చాలాలి కదా. పెద్దవాళ్ల పోషణకి 2007లో చట్టం వచ్చింది, ఆర్డీఓ దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. కన్నకొడుకు మీద అర్జీ రాయడానికి ఎంతమంది తల్లులకి చెయ్యాడుతుంది చెప్పు. ఒకటి మాత్రం మీ అమ్మకి గట్టిగా చెప్పు: ఇల్లు మీ తమ్ముడి పేర గిఫ్టు రాసే ముందు, తనని చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించమను. షరతు రాసి ఉంటే, చూడనప్పుడు ఆ గిఫ్టు రద్దు చేయించుకోవడానికి ఆ చట్టంలో 23వ సెక్షను ఉంది.

పన్నులన్నీ పింఛన్లకే పోతున్నాయన్న నీ రెండో మాటకొస్తాను. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

మా పక్కవాటాలో ఉండే మామ్మ పదేళ్ల వయసు నుంచీ మిరపకాయల తొడాలు తీసింది. మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర, కిలోల లెక్కన కూలీ. సీజన్లో ఇంటికొచ్చినా చేతులు మండుతూనే ఉండేవట, నిద్రలో కళ్లు నలుపుకోకుండా చేతులకి గుడ్డ చుట్టుకునేదట. పీఎఫ్ అన్న మాటే ఆ పనిలో లేదు. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం అమ్మాయి పింఛను ఇవ్వడానికి మెషీను పట్టుకుని వస్తుంది. మామ్మ వేలు పెడితే పడదు. తుడిచి మళ్లీ పెడుతుంది, పడదు. పది వేళ్లూ అయ్యాక ఎప్పుడో ఒక వేలు పడుతుంది. ఆ వేలిముద్రలు అరిగిపోయింది మన వంటింట్లో కారం డబ్బా నింపడానికే కదా బుజ్జీ. ఆమెకొచ్చే 4,000లో గది అద్దె, బీపీ మాత్రలు, షుగరు మాత్రలు పోను మిగిలిన దాంట్లోనే నెలంతా తినాలి. 2024 జులైకి ముందు అది 3,000. మీ తెలంగాణలో ముసలివాళ్లకి ఇచ్చేది 2,016. కేంద్రం తన వాటాగా 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకి ఇచ్చేది 200, ఎనభై దాటితే 500. మామ్మ పింఛన్ని ఉచితం అనడానికి నాకు నోరు రాదు. ఇన్నేళ్లు ఆమె తక్కువ కూలీకి చేయబట్టే మన సరుకులు మనకా ధరకి వచ్చాయి.

ఇంకో సంగతి విను. మిల్లులో రోల్స్‌లో ఉండి పీఎఫ్ కట్టినవాళ్లకి కనీస పెన్షను 2014లో 1,000 చేశారు, ఇంకా అక్కడే ఉంది. దాన్ని 7,500 చెయ్యాలని, కరువు భత్యం కలపాలని ఆ పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ధర్నాలు చేస్తున్నారు. ఆ ఫోటో పేపర్లో చూసి మీ వయసువాళ్లు పేజీ తిప్పేస్తారు. రేపు ఆ లెక్కలోకే మీరూ వస్తారు. మీ ఆడపడుచు టీచరమ్మ సీపీఎస్ రద్దు చెయ్యాలని ర్యాలీకి వెళ్తే, జీతం చాలదా అని మీ ఇంట్లో అనుకున్నారట. 2004 సెప్టెంబరు నుంచి రాష్ట్ర గవర్నమెంటు ఉద్యోగంలో చేరినవాళ్లకి పాత పెన్షను లేదు, సీపీఎస్సే. జీతంలోంచి పది శాతం కోసి మార్కెట్లో పెడతారు. ఇరవై ఏళ్ల తర్వాత ఎంతొస్తుందో తెలియని భయం ఆమెది. ఆ భయమే నీకూ ఉండాల్సింది. ఆమెకి ఉన్నది తగ్గిస్తే నీకు పైసా కలవదు. పనిచేసిన ప్రతి మనిషికీ ముసలితనంలో తిండికి, మందులకి సరిపోయే పెన్షను ఉండాలని నువ్వూ ఆమెతో కలిసి అడగాలి. ప్రైవేటువాళ్లు గవర్నమెంటువాళ్ల మీద, పన్ను కట్టేవాళ్లు పింఛను తీసుకునేవాళ్ల మీద పళ్లు కొరుక్కుంటుంటే ఎవరికీ ఏమీ రాదు.

కొత్త కంపెనీలో చేరిన మొదటి వారంలోనే పాత రెండు ఖాతాలూ దీంట్లోకి ట్రాన్స్‌ఫర్ పెట్టు. ఆధార్లో, పీఎఫ్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూడు. పెళ్లయ్యాక ఇంటిపేరు ఒకచోట మార్చి ఇంకోచోట వదిలేశావని నాకు అనుమానం. ఒక్క అక్షరం తేడాకి నెలల తరబడి తిరిగినవాళ్లని చూశాను. నామినీ దగ్గర ఇంకా మీ నాన్న పేరే ఉండి ఉంటుంది, మార్చు. రేపు పిల్లాడి చదువు కోసం ఉద్యోగం మానేసినా సరే పీఎఫ్ తియ్యకు. నువ్వు కట్టడం ఆపినా వడ్డీ పడుతూనే ఉంటుంది. వీలైతే నెలకి ఇంకో రెండు వేలు నీ పేరు మీదే ఎన్‌పీఎస్ పెన్షను ఖాతాలో వెయ్యి. 2009 నుంచి అది అందరికీ ఉంది. మీ ఆయన పేరు మీద ఉన్నది చాలదా అనకు. మన ఇళ్లలో మొగుడి కన్నా పెళ్లాం వయసులో చిన్నది, ఎక్కువేళ్లు బతికేదీ ఆమే. ఆఖరి ఏళ్లు ఒంటరిగా గడిపేది మనమే.

మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి ముప్ఫై ఏళ్లన్నావు. అటల్ పెన్షన్ యోజనలో నలభై లోపు చేరొచ్చు. ఆమె వయసుకి నెలకి 577 కడితే అరవై నుంచి నెలకి 5,000 వస్తుంది. ఇంకో పదేళ్లు ఆగి చేరితే అదే 5,000కి నెలకి 1,454 కట్టాలి. ఆదాయపు పన్ను కట్టేవాళ్లని 2022 అక్టోబరు నుంచి చేర్చుకోవడం లేదు కాబట్టి అది నీకు రాదు, ఆమెకి వస్తుంది. శనివారం వెంటబెట్టుకుని ఆమె ఖాతా ఉన్న బ్యాంకుకి తీసుకెళ్లు. మొదటి ఏడాది డబ్బు నువ్వే కట్టు. జీతంలోంచి మాత్రం కోయకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పాత పే స్లిప్పులు, యూఏఎన్ పాస్‌బుక్ ప్రింటు తెచ్చుకో. నీ కొత్త కంపెనీ హెచ్చార్ వాళ్లు పెన్షను గడిలో "లేదు" అని టిక్కు పెట్టమంటే, నన్నడక్కుండా పెట్టకు. అల్లుడుగారికి నమస్కారాలు, పిల్లాడికి ముద్దులు.

మీ పెద్దమ్మ