గుట్ట మీదికి సైకిల్ పందెం

కొండగట్టు అంజన్న గుడికి పోయే ఘాట్ రోడ్డు తెలుసు కదా! జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి మంగళవారం, శనివారం ఎందరో పోతారు. మలుపు రాగానే ఆటో మూలుగుతుంది. డ్రైవర్ గేరు తగ్గిస్తాడు. ఆ దారిలో సైకిల్ తొక్కాలంటే? దిగి నెట్టుకుంటూ పోవుడే అంటారు. మామూలు సైకిల్‌కు గేర్లు ఉండవు మరి!

ఫ్రాన్సు దేశంలో ఆల్ప్ దుయెజ్ అనే గుట్ట ఉంది. ఎక్కే దారి 13.8 కిలోమీటర్లు. మలుపులు 21. 100 అడుగులు ముందుకు పోతే సుమారు 8 అడుగులు పైకి లేస్తుంది. 2024 ఆగస్టు 18న ఆడవాళ్లు ఈ గుట్ట మీదికి పందెం వేసి సైకిల్ తొక్కారు.

ఆ పందెం పేరు టూర్ ది ఫ్రాన్స్. మగవాళ్లకు అది 1903లోనే మొదలైంది. ఆడవాళ్లకు 1984లో పెట్టారు. 1989 తర్వాత ఆపేశారు. మళ్లీ 2022లో మొదలుపెట్టారు. అంటే ఆడవాళ్లు 30 ఏండ్లకు పైగా ఆగాల్సి వచ్చింది! మగవాళ్లకు 21 భాగాలు. ఆడవాళ్లది చిన్న పందెం. 2024లో 7 రోజులు, 8 భాగాలు. ప్రతి భాగానికీ పట్టిన సమయాన్ని కలుపుతారు. మొత్తం తక్కువ ఉన్నవారే గెలిచినట్టు. ముందున్న ఆమె పసుపు అంగీ తొడుక్కుంటుంది.

ఇందులో ఒంటరిగా ఎవరూ రారు. 22 జట్లు, జట్టుకు 7గురు. చదును దారిలో ముందు తొక్కేవారికి ఎదురుగాలి కొడుతుంది. వెనుక ఉన్నవారికి ఆ బాధ తక్కువ. అందుకే తోటివారు ముందుండి గాలి కాస్తారు, నీళ్లు అందిస్తారు. గుట్ట మొదలయ్యాక మాత్రం ఎవరి కాళ్లు వారివే.

ఆగస్టు 15న పసుపు అంగీ డెమి వోలెరింగ్‌ది. ఆమెది నెదర్లాండ్స్ దేశం. ఆ రోజు భాగం ఇంకా 6 కిలోమీటర్లు ఉందనగా పడిపోయింది. నిమిషంన్నరకు పైగా పోగొట్టుకుంది. ఆ రోజు గెలిచింది ఎవరో కాదు, ఆమె జట్టు అమ్మాయే! జట్టు ఆగి ఉండాల్సిందా అని చాలా మాటలు నడిచాయి. పసుపు అంగీ పోలండ్ దేశపు కాషా నియెవియాదోమాకు పోయింది.

చివరి రోజు దారి 150 కిలోమీటర్లు. ముందు గ్లాండన్ అనే గుట్ట, దాదాపు 20 కిలోమీటర్ల ఎక్కుడు. తర్వాత దిగుడు, కొంత చదును, ఆఖరున ఆల్ప్ దుయెజ్. వోలెరింగ్ 1 నిమిషం 15 సెకన్లు వెనుక ఉంది. గ్లాండన్ మీదనే ఆమె ముందుకు దూకింది. కాషా వెనుకబడింది. కానీ చదును దారిలో వేరే జట్లవాళ్లతో కలిసి తొక్కింది. అక్కడే ఆమె పందెం నిలిచింది.

వోలెరింగ్ మొదట గుట్ట చేరింది. కాషా 1 నిమిషం 1 సెకను తర్వాత వచ్చింది. మొదట వచ్చినవారికి 10 సెకన్లు బహుమతిగా తగ్గిస్తారు. అయినా మొత్తం మీద కాషాయే గెలిచింది.

లెక్క చేయండి:

1 నిమిషం 15 సెకన్లు అంటే ఎన్ని సెకన్లు?

అందులోంచి 61 తీసేయండి. తర్వాత 10 తీసేయండి. కాషా ఎన్ని సెకన్లతో గెలిచింది?

ఆగస్టు 15న వోలెరింగ్ కోసం జట్టు అంతా ఆగి ఉంటే ఏమయ్యేది? పక్కన ఉన్న అక్కతో మాట్లాడి, మూడు వాక్యాలు రాయండి.