ఆకుపచ్చ లైటు వెలుగుతున్నా పైరు వాడుతోందా?

డిప్లొమా, ఇంజనీరింగు చదివే పిల్లలున్న కొన్ని రైతుల ఇళ్లలో నేల తేమ చూపే చిన్న మీటర్లు తయారవుతున్నాయి. ఆర్డ్యునో అనే అరచేతిలో ఇమిడే బోర్డు, మట్టిలో గుచ్చే రెండు కాళ్ల సెన్సర్, మూడు రంగుల చిన్న బల్బులు. ఇంతే సరంజామా. నేల తడిగా ఉంటే ఆకుపచ్చ, తడి తగ్గితే పసుపు, ఎండితే ఎరుపు వెలుగుతుంది. ఇటువంటి పరికరాన్నే కోయంబత్తూరులోని చెరకు బ్రీడింగ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు కూడా రూపొందించారు. అందులో నీలం వెలిగితే తడి పుష్కలం, ఎరుపు వెలిగితే వెంటనే నీరు పెట్టాలి.

పద్ధతి మంచిదే. అయితే లైటు తప్పు చెబితే నష్టపోయేది పైరు. నాకు తెలిసిన ఒక మిర్చి రైతు ఇంట అదే జరిగింది. కొడుకు చేసిన మీటర్ నాలుగు రోజులు ఆకుపచ్చే చూపింది. రైతు తడి ఆపాడు. చేను చివరి మొక్కలు తలలు వాల్చాయి, పూత రాలింది. కుర్రాడు రెండు రోజులు వైర్లు మార్చాడు, బల్బులు మార్చాడు, బోర్డు కొత్తది కొనాలన్నాడు. తీరా చూస్తే బోర్డు బాగానే ఉంది. సెన్సర్‌ను నీటికాలువ గట్టు పక్కన గుచ్చారు. అక్కడ ఊటతో నేల ఎప్పుడూ తడే. మీటర్ చెప్పింది అబద్ధం కాదు, కానీ అది గట్టు సంగతి, చేను సంగతి కాదు.

ముందు మట్టి, తర్వాత మీటర్

లైటు మీద అనుమానం వస్తే స్క్రూడ్రైవర్ పట్టుకోకండి, పార పట్టుకోండి. వేళ్లున్న చోట ఆరు అంగుళాల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కండి. ముద్ద అయి చెయ్యి తడి అయితే నీరు అక్కర్లేదు. ముద్ద అయినా వేలితో తాకగానే విరిగితే తడి దగ్గరపడినట్టు. ముద్దే కాకపోతే ఆలస్యం చేయకూడదు. ఇసుక నేలల్లో మాత్రం తడి ఉన్నా ముద్ద సరిగా కట్టదు, గుర్తుంచుకోవాలి.

చెయ్యి ఒకటి, లైటు మరొకటి చెబితే చేతినే నమ్మి నీరు పెట్టండి. మీటర్ సంగతి తర్వాత తీరిగ్గా చూడొచ్చు.

వరుసగా చూడాల్సినవి

ఒకేసారి అన్నీ మారిస్తే తప్పు ఎక్కడుందో తెలియదు. ఒకటి మార్చి, చూసి, ఆ తర్వాతే రెండోదానికి వెళ్లాలి.

1. కరెంటు: బోర్డు మీది చిన్న దీపం వెలుగుతోందా చూడండి. కొన్ని పవర్ బ్యాంకులు వాడకం బాగా తక్కువైతే వాటంతటవే ఆగిపోతాయి. కంప్యూటర్ బోర్డును గుర్తించకపోతే కేబుల్ మార్చి చూడండి. కొన్ని కేబుళ్లు సెల్‌ఫోన్ చార్జింగుకే తప్ప ప్రోగ్రాం ఎక్కించడానికి పనికిరావు.

2. బల్బులు: బల్బుకు పొడవు కాలు, పొట్టి కాలు ఉంటాయి. పొట్టికాలు గ్రౌండు వైపు ఉండాలి. తిరగేస్తే వెలగదు. ఒక్కో బల్బుకు 220 ఓముల రెసిస్టర్ ఒకటి తప్పనిసరి. లేకపోతే బల్బో, బోర్డు పిన్నో పాడవుతుంది.

3. అంకె: బోర్డు సెన్సర్ నుంచి 0 మొదలు 1023 వరకు ఒక అంకె చదువుతుంది. లైటు రంగు ఈ అంకెను బట్టే. కాబట్టి పిల్లల చేత కంప్యూటర్ మీద అంకె చూపించుకోండి. ఏం చేసినా అంకె ఇష్టమొచ్చినట్టు దూకుతుంటే సెన్సర్ వైరు ఊడిందనో, గ్రౌండు వైరు కలవలేదనో అనుమానించాలి. తడి గుడ్డతో కాళ్లు పట్టుకుంటే అంకె మారి, వదిలితే వెనక్కి రావాలి.

4. సెన్సర్ కాళ్లు: తీసి కడిగి చూడండి. పూత పోయి నల్లబడితే, తుప్పు తింటే నేల తడిగా ఉన్నా ఎరుపే చూపుతుంది. రాత్రింబగళ్లు కరెంటు పారితే కాళ్లు త్వరగా తినేస్తాయి. అరగంటకోసారి చదివేటప్పుడు మాత్రమే కరెంటు వెళ్లేలా ప్రోగ్రాం రాయించాలి. లోహం బయటకు కనపడని కెపాసిటివ్ రకం ఎక్కువ కాలం వస్తుంది. దాని పైభాగం మాత్రం తడవకూడదు.

5. గుచ్చిన చోటు: గట్టు పక్కన, కాలువ పక్కన వద్దు. పొటాష్ వంటి ఎరువు వేసిన చోట ఉప్పు వల్ల కరెంటు ఎక్కువ పారి, ఉన్నదానికంటే ఎక్కువ తడి చూపుతుంది. నల్లరేగడిలో నెర్రెలు పడితే కాళ్లు గాలిలో వేలాడి ఎరుపు చూపుతుంది. మట్టి కాళ్లకు ఆనుకునేలా నొక్కాలి. చేనులో రెండు మూడు చోట్ల చూసుకోవడం మేలు.

మీ మట్టికి మీ హద్దు

కొన్నవారు ఇచ్చిన ప్రోగ్రాంలోని అంకెలు మీ నేలకు సరిపోవు. మీ చేను మట్టిని ఎండబెట్టి గ్లాసులో అదిమి ఒక అంకె రాసుకోండి. నిండా తడిపి, అదనపు నీరు వంచి మరో అంకె రాసుకోండి. ఉదాహరణకు ఎండు మట్టికి 850, తడి మట్టికి 350 వచ్చాయనుకుందాం. తొలుత 680 దాటితే ఎరుపు, 520 లోపు ఆకుపచ్చ, మధ్యలో పసుపు పెట్టుకోవచ్చు. తర్వాత వారం పది రోజులు పిడికిట్లో మట్టితో పోల్చి హద్దులు సవరించాలి. కొన్ని సెన్సర్లలో తడి పెరిగితే అంకె కూడా పెరుగుతుంది. అది తెలియకపోతే రంగులు తారుమారవుతాయి.

రెండు రంగులు మిణుకుమిణుకుమంటుంటే అంకె హద్దు మీద ఊగుతోందన్న మాట. పదిసార్లు చదివి సగటు తీసేలా రాయిస్తే నిలకడ వస్తుంది.

జాగ్రత్త

ఇది 5 ఓల్టుల బోర్డు. మోటారు వైరును దీనికి నేరుగా తగిలించడం ప్రాణాపాయం. స్టార్టరు పని తెలిసిన ఎలక్ట్రీషియన్ లేకుండా ఆ ప్రయత్నం వద్దు.

ఒక పంటకాలం పాటు లైటును, పిడికిట్లో మట్టిని పక్కపక్కన పెట్టి నోటుబుక్కులో రాసుకోండి. రెండూ ఒకే మాట చెప్పిన రోజు నుంచి లైటును నమ్మొచ్చు.