తడిచలివలన పాదములకు కలుగు హాని

నీరు గడ్డకట్టునంతటి చలియే దేహమును చెఱుచునని పలువురు తలంచుదురు. అది సరికాదు. 0 నుండి 15 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు గల చలిలో తడిపాదములతో గంటలకొలది, దినములకొలది నిలిచినచో, మాంసము గడ్డకట్టకయే నరములు చెడును.

1914-15 శీతకాలమున ఫ్రాన్సు, బెల్జియము దేశములందు బురదనీటి కందకములలో నిలిచి పోరిన సిపాయిలలో వేలకొలది మందికి ఈ హాని కలిగెను. మన దేశపు పటాలములును ఆ కందకములలో నుండెను. 1982లో ఫాక్లండు దీవుల యుద్ధమునందును ఇది మరల కనబడెను.

ఆదిలాబాదు ప్రాంతమునను, మన్యమునందలి లంబసింగి వంటి గ్రామములందును పుష్యమాసపు రాత్రులు 10 డిగ్రీలకు లోబడుట కలదు. అట్టి వేళల మడవలు కట్టుచు నీట నిలుచు రైతు దీని నెఱిగియుండవలెను.

కారణము: చలి సోకగానే దేహము తన వేడిని కాపాడుకొనుటకై పాదముల రక్తనాళములను ముడుచును. రక్తము చాలక నరములు క్షీణించును. తడి, బిగువైన జోళ్లు, కదలక నిలుచుట, ఆకలి, పొగాకు దీనిని హెచ్చించును.

గుర్తులు: మొదట పాదము తెల్లబాఱి మొద్దుబాఱును, దూదిపై నడచినట్లుండును. నొప్పి లేదు గనుక ఉపేక్షింతురు, అదియే అపాయము. వెచ్చబడినపిమ్మట పాదము ఎఱ్ఱబాఱి, వాచి, మండును; బొబ్బలును లేచును. కొందఱికి ఈ బాధ ఏండ్లతరబడి నిలుచును.

నివారణ: నడుమనడుమ గట్టెక్కి పాదములు తుడిచి ఆఱనిండు. వ్రేళ్లు కదలించుచుండుడు. వదులైన రబ్బరు జోళ్లు తొడుగుడు. లోపల తడిసినచో విప్పివేయుడు. ఇంట పొడిగుడ్డ చుట్టుకొని పరుండుడు. మధుమేహము గలవారికి స్పర్శ తగ్గియుండును గనుక వారు మఱింత జాగ్రత్త వహింపవలెను.

చికిత్స: మొద్దుబాఱిన పాదమును నెగడివద్ద కాచరాదు, వేడినీట ముంచరాదు, మర్దింపరాదు. స్పర్శలేని కాలు కాలినను తెలియదు. దేహమునకు కంబళి కప్పి, వేడి పానీయ మిచ్చి, పాదము నెత్తుగా నుంచి మెల్లగా వెచ్చబడనీయవలెను. స్పర్శ తిరిగిరాకున్నను, బొబ్బలు లేచినను, చర్మము నల్లబడినను వెంటనే వైద్యునికడకు పోవలెను.

ఆ యుద్ధమున సిపాయిలను ఇద్దఱిద్దఱిని జతపఱచి ఒకరి పాదముల నొకరు చూచునట్లు నియమించిరి. పొడి మేజోళ్లు నిచ్చిరి. అంతట రోగము మిక్కిలి తగ్గెను. మొద్దుబాఱిన పాదము తన కీడును తాను చెప్పుకొనజాలదు గనుక తోడివాని కన్ను ఆవశ్యకము. రాత్రి నీరు కట్టుటకు పోవు సభ్యులు ఒంటరిగా పోక జతగా పోవుదురు గాక.