ఐదు పేర్లు మార్చిన స్టీమరు

మన గోదావరి జిల్లాల్లో కాటన్ అంటే ముందు దొర గుర్తొస్తాడు, తర్వాతే పత్తి. 1860ల్లో ప్రపంచానికి మాత్రం పత్తే ముఖ్యం. ఆ పత్తి కోసం పరుగులు పెట్టి, తర్వాత అదే పత్తిని ఆపడానికి తుపాకులు ఎత్తుకున్న ఒక ఓడ సర్వీసు చరిత్ర ఇది. మన కాకినాడకి దీనితో సంబంధం ఏంటో చివర్లో చెప్తాను.

1860లో స్కాట్లాండులోని గ్లాస్గోలో కట్టారు. పేరు జిరాఫ్. ఇనుప ఒళ్ళు, రెండు పక్కలా పెద్ద చక్రాలు. గ్లాస్గోకీ బెల్‌ఫాస్ట్‌కీ మధ్య ప్రయాణికుల్ని తిప్పడం దాని పని. అంటే మన పాపికొండల లాంచీకి బాగా వేగంగా వెళ్ళే అక్క అనుకోండి.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాది రాష్ట్రాల రేవులన్నిటినీ లింకన్ నౌకాదళంతో దిగ్బంధం చేయించాడు. దక్షిణాదికి ఆయుధాలు కావాలి, ఇవ్వడానికి ఉన్నది పత్తి. అందుకని కాపలా ఓడల కళ్ళు కప్పి దూసుకుపోయే స్టీమర్లకి గిరాకీ పెరిగింది. జాన్ విల్కిన్సన్ అనే దక్షిణాది నౌకాదళ అధికారి జిరాఫ్‌ని 32,000 పౌన్లకి తమ ప్రభుత్వం తరఫున కొన్నాడు. దానికి వాళ్ళ సేనాని రాబర్ట్ ఇ. లీ పేరు పెట్టారు.

పది నెలల్లో 21 సార్లు దిగ్బంధం దాటిందని, ఏడు వేల బేళ్ళ దాకా పత్తి బయటికి తీసుకెళ్ళిందని లెక్క. నాకు బాగా నచ్చిన ఘట్టం 1863 ఆగస్టులో జరిగింది. ఇరోక్వాయ్ అనే యుద్ధనౌక వెంటపడింది. మంచి బొగ్గు అయిపోయింది, ఉన్న నాసిరకం బొగ్గుతో ఆవిరి చాలట్లేదు. అప్పుడు సరుకులోని పత్తినే టర్పెంటైన్‌లో ముంచి కొలిమిలో వేశారు! వేగం పెరిగింది. చీకటి పడే వేళకి కావాలనే నల్లటి పొగ వదిలి, ఠక్కున పొగ ఆపేసి, దిక్కు మార్చి తప్పించుకున్నారు. ఏ పత్తి కోసం అంత సాహసమో దాన్నే తగలబెట్టి బతికారన్నమాట.

ఆ నవంబరు 9న, విల్కిన్సన్ లేని ప్రయాణంలో, జేమ్స్ ఆడ్జర్ అనే ఓడ దీన్ని పట్టుకుంది. అది కూడా పుట్టుకతో యుద్ధనౌక కాదు, న్యూయార్క్ - చార్లెస్టన్ ప్రయాణికుల స్టీమరు. పట్టుబడ్డ ఓడకి తుపాకులు బిగించి, 1864 జూన్‌లో ఉత్తరాది నౌకాదళంలో చేర్చారు. పేరు ఫోర్ట్ డొనెల్సన్. అది దక్షిణాది వాళ్ళు ఓడిపోయి అప్పగించిన కోట పేరు. వెటకారం ఎక్కడా తగ్గలేదు! దొంగని పట్టాలంటే దొంగంత వేగం కావాలి కాబట్టి దీన్ని మళ్ళీ కాపలాకే పంపారు. 1865 జనవరిలో ఫోర్ట్ ఫిషర్ మీద దాడిలోనూ ఉంది. యుద్ధం అయ్యాక అమ్మేశారు, ఇసబెల్లా అయింది. 1866లో చిలీ నౌకాదళం కొని కొన్సెప్సియోన్ అంది.

ఇంక మన సంగతి. ఇంగ్లండ్ మిల్లులకి ముప్పాతిక వంతు పైగా పత్తి ఆ దక్షిణాది నుంచే వచ్చేది. అది ఆగేసరికి అందరి చూపూ ఇండియా మీద పడింది. కాకినాడ రేవు పత్తి ఎగుమతితో కళకళలాడింది. బేరారు పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి తేవాలన్న ఆర్థర్ కాటన్ ఆలోచనకీ బలం వచ్చింది. హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో భద్రాచలం పైన రాతి అడ్డంకుల్ని దాటించడానికి ఆనకట్టలు, లాకులు మొదలుపెట్టారు. దుమ్ముగూడెం ఆనకట్ట అప్పటిదే.

ఈలోగా యుద్ధం ఆగింది, పత్తి ధర పడింది. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. బేరారు పత్తి పడమటి దారి పట్టింది. 1871లో ఎగువ గోదావరి పనులు ఆపేశారు. ధవళేశ్వరం కింద కాలవల్లో పడవలు తిరుగుతూనే ఉన్నాయి గానీ, నాగపూర్ వైపు నుంచి పత్తి స్టీమర్లు మాత్రం రాలేదు.